తిరపతికి పోతా ఉండావు సరే, ఏ చర్చికి పోతావు?

పోయిన జూన్‌లో మా తమ్ముడి కూతురికి తిరుపతిలో ఒక పెద్దాసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. పెట్టె, పరుపు, చిన్న కుక్కరు మోసుకుని పోయి హాస్టల్లో నేనే దింపి వచ్చినాను. నన్ను బస్సెక్కించడానికి పాప బస్టాండు దాకా వచ్చింది. బస్సు కదిలే టయానికి కిటికీ కమ్మీ పట్టుకుని అడిగింది: "పెద్నాయనా, ఈడ ఏ చర్చికి పోవాల?"

డ్రైవరు హారన్ మీద హారన్ కొడతా ఉండాడు. "ఫోన్లో చెప్తాలే పో" అన్నాను. చెప్పేదానికి మూడు వారాలు పట్టింది. ఒక పేరు చెప్పి వదిలేసే మాట కాదు అది. పాపకు ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఇక్కడ కలిపి రాస్తున్నాను. కొత్తగా తిరుపతికో చిత్తూరుకో వచ్చి ఆదివారం పొద్దున బైబిలు చేతపట్టుకుని ఎటు పోవాలో తెలియక నిలబడినవాళ్లకు పనికొస్తుందని.

చెప్పడానికి నేనెవరినంటే, పాస్టరును కాదు, సంఘ పెద్దనూ కాదు. 33 ఏళ్లు ఆర్టీసీ కండక్టరును. చిత్తూరు-తిరుపతి, చిత్తూరు-వేలూరు, కొన్నాళ్లు కొండ డ్యూటీ. ఆదివారం సెలవు దొరికే ఉద్యోగం కాదు మాది. శనివారం రాత్రి ఏ ఊళ్లో నైట్ హాల్టు పడితే, పొద్దున బస్సు తీసే లోపల ఆ ఊళ్లో ఏ చర్చి తెరిచి ఉంటే ఆ చర్చిలో, ఖాకీ చొక్కాతోనే వెనక బెంచీలో కూర్చునేవాణ్ణి. అట్ల ఎన్ని చర్చీల్లో కూర్చున్నానో లెక్కపెట్టలేదు. కొత్తవాడుగా వెనక బెంచీలో కూర్చోవడంలో మాత్రం నాకున్న అనుభవం మా అయ్యగారికి, అంటే మా పాస్టరుకు కూడా లేదు. ఆయన ఎప్పుడూ ముందరే కదా ఉండేది.

ముందు ఒక మాట తెలుసుకోవాల. మన పక్క చర్చి అనేది మనం ఎంచుకున్నదాని కంటే మనకు తగిలినదే ఎక్కువ. చిత్తూరు, మదనపల్లె దిక్కుకు ఆర్కాటు మిషను వచ్చింది. అమెరికా రిఫార్మ్‌డ్ సంఘం వాళ్లది, స్కడర్ అన్నదమ్ములు 1853లో మొదలుపెట్టింది. నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి దిక్కున 1865లో వచ్చిన జర్మనీ హెర్మన్స్‌బర్గ్ మిషను లూథరన్లు పనిచేసినారు. నెల్లూరు అమెరికా బాప్తిస్టులది. ఆ ఆర్కాటు మిషను సంఘాలు తర్వాత సి.ఎస్.ఐ.లో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కలిసినాయి. అందుకే నేను సి.ఎస్.ఐ., కాళహస్తి నుంచి వచ్చిన మా ఇంటామె లూథరన్. దీంట్లో మేమిద్దరం ఆలోచించి చేసింది ఏమీ లేదు. మా ముత్తాతల ఊరికి ఏ దొర గుర్రమెక్కి వచ్చినాడో అదే మా శాఖ అయింది. కాబట్టి "మాది అసలైనది, మీది కాదు" అని ఎవరైనా గొంతు పెంచితే నాకు నవ్వొస్తుంది.

ఇప్పుడు తిరుపతిలో ఒక ఆదివారం నీ ముందర ఏమేం ఉంటాయో చెప్తాను. సి.ఎస్.ఐ. అంటే స్వాతంత్ర్యం వచ్చిన నెలన్నరకు, 1947 సెప్టెంబరు 27న, మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్లు కలిసి ఏర్పడిన సంఘం. మన పక్క సంఘాలు రాయలసీమ డయాసిస్‌లోకి వస్తాయి, డయాసిస్ అంటే ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం, మన బిషప్పు ఉండేది కడపలో. ఆరాధన క్రమం పుస్తకంలో ఉంటుంది, కీర్తనలు ఎక్కువగా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం నుంచి, గంటన్నరలో ముగుస్తుంది. లూథరన్లది తిరుపతే కేంద్రంగా ఉండే దక్షిణాంధ్ర లూథరన్ సంఘం. గుంటూరు నుంచి వచ్చిన ఏ.ఇ.ఎల్.సి. (ఆంధ్రా ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) పిల్లలు ఇది తమదే అనుకుని వస్తారు. సంఘం వేరు, అయినా ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది వాళ్లకు. ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్ వాళ్లది కడప మేత్రాసనం (డయాసిస్‌ను వాళ్లు అట్ల అంటారు), 1976లో నెల్లూరు నుంచి విడిపోయింది. పూజ తెలుగులోనే, లాటిన్ పూజ మా నాయన కాలం మాట, 1960ల్లో వాటికన్ మహాసభతో మారిపోయింది. చూడటానికి పోతే పో, సత్ప్రసాదం (పూజలో పంచే రొట్టె) ఇచ్చేటప్పుడు మాత్రం వరసలో నిలబడొద్దు. అది వాళ్ల సంఘస్థులకే. బెంచీలో కూర్చుంటే ఎవరూ ఏమీ అనుకోరు.

హెబ్రోను వాళ్లని మనం అనేది భక్త్ సింగ్ గారి సంఘాలను. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, హైదరాబాదులో 2000 సంవత్సరంలో ప్రభువు దగ్గరికి పోయిన మనిషి. అక్కడ చాప మీద కూర్చోవాల, ఆడవాళ్లు ముసుగేసుకోవాల. మొదట ఒక గంట ఎవరికి తోచినట్టు వాళ్లు లేచి స్తుతి ప్రార్థన చేస్తారు, ప్రతి ఆదివారం ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునేది) ఉంటుంది, మధ్యాహ్నం దాటినా లేవరు. మోకాళ్ల నొప్పులున్న నాబోటి వాడికి కష్టం. కానీ అక్కడ ఒక కూరలమ్ముకునే ఆమె లేచి చేసిన ప్రార్థన లాంటిది నేను ఏ బిషప్పు నోట వినలేదు. పెంతెకోస్తు వాళ్లలో పెద్ద సంఘాలు ఉండాయి, రేకుల షెడ్డులో ముప్పైమందితో నడిచేవీ ఉండాయి. కొన్నిచోట్ల నగలు పెట్టుకోరు, తెల్ల చీరలే కట్టుకుంటారు. సెవెంత్ డే వాళ్ల ఆరాధన శనివారం. ఆదివారం డ్యూటీ తప్పనివాళ్లు అది చూసి సంబరపడతారు గానీ, డ్యూటీ చార్టు చూసి సిద్ధాంతం మార్చుకునేది నాకైతే నచ్చలేదు.

ఇంకో రకం ఉంది, అది ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ. ఒక పాస్టరుగారు, ఆయన భార్య, మేడ మీద హాలు, ఒక యూట్యూబ్ ఛానెల్. ఏ డయాసిస్సూ లేదు, ఏ బిషప్పూ లేడు. వీటిలో చాలా మంచివీ ఉండాయి, చాలా చెడ్డవీ ఉండాయి. బోర్డు చూసి కనుక్కోలేము. నేను చెప్పే పరీక్షలన్నీ అందరికీ వర్తిస్తాయి, వీళ్లకు రవ్వంత జాస్తిగా వర్తిస్తాయి.

బాప్తిస్మం సంగతి ముందే తేల్చుకో. సి.ఎస్.ఐ., లూథరన్, ఆర్.సి.ఎం. వాళ్లు చంటిబిడ్డలకు నీళ్లు చిలకరించి ఇస్తారు. బాప్తిస్టు, హెబ్రోను, పెంతెకోస్తు వాళ్లు ఎదిగి మారుమనస్సు పొందినాకే, అదీ నీళ్లలో ముంచి. కాబట్టి నువ్వు చిన్నప్పుడే తీసుకున్నదానివని తెలిస్తే కొందరు "అది చెల్లదు, మళ్లీ తీసుకో" అంటారు. మొదటి నెలలోనే అంటే ఒప్పుకోవద్దు. తీసుకోవాలనిపిస్తే తీసుకో, నేను వద్దనను. ఆరు నెలలు కూర్చుని, చదివి, మీ నాయనకు చెప్పి తీసుకో.

ఇప్పుడు ఎట్ల చూడాలో. క్రిస్మస్‌కో, ఈస్టర్‌కో, డిసెంబరు 31 రాత్రికో పోయి చర్చిని అంచనా వేయొద్దు. ఆ రోజు అందరి ఇంట్లోనూ బిర్యానీయే ఉంటుంది. ఆగస్టులో ఒక మామూలు ఆదివారం, వాన పడే పొద్దున, పాతికమంది వచ్చినప్పుడు పో. బండి సంగతి ఖాళీగా నడిచేటప్పుడే తెలుస్తుంది. నిండినప్పుడు అన్ని బండ్లూ ఒకటే.

నాలుగు చర్చీల కంటే ఎక్కువ చూడొద్దు. ఒక్కొక్కదానికి రెండు ఆదివారాలు ఇవ్వు. అంటే రెండు నెలలు. అంతకు మించి తిరిగితే తిరగడమే అలవాటైపోతుంది. మా డిపోలో ఒక మెకానిక్ ఉండేవాడు, ఇరవై ఏళ్లుగా చర్చి వెతుకుతానే ఉండాడు. ప్రతిదాంట్లో ఒక లోపం చెప్తాడు. చెప్పేది నిజమే. కానీ ఆయన ఇంట్లో పెద్దకర్మ వచ్చినప్పుడు ప్రార్థన చేసే దిక్కులేక నన్ను పిలిచినాడు.

ఆరాధన మొదలవక ముందు పదిహేను నిమిషాలు, అయినాక ఇరవై నిమిషాలు ఉండు. నేను చూసేది ఆ టయంలోనే. స్టేజీ దగ్గర బస్సు ఆగినప్పుడు ఎవరు ఎవరికి చెయ్యిచ్చి ఎక్కిస్తారో చూస్తే ఆ ఊరు ఎట్లాంటిదో తెలిసిపోయేది నాకు. అట్లనే ఇక్కడ కూడా. ముసలామె మెట్లు దిగుతా ఉంటే ఎవరు పట్టుకున్నారు? చెప్పుల దగ్గర ఎవరు ఎవరితో మాట్లాడతా ఉండారు? పాస్టరు గారు కారు ఉన్నోళ్ల దగ్గర ఎంతసేపు నిలబడినారు, నడిచి పోయేవాళ్ల దగ్గర ఎంతసేపు? నిన్ను చూసి "ప్రైజ్ ద లార్డ్" అని పోతే అది పలకరింపు కాదు. "ఎక్కడుంటావమ్మా, భోజనం ఎట్ల?" అంటే పలకరింపు.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంది, దాన్ని గుర్తుపెట్టుకో. పేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, మూడో మాటగా "మీరేమిట్లు?" అంటారు. చర్చి లోపల కులం లేదని బోర్డు రాసుకోనక్కర్లేదు, ఉందని మనకందరికీ తెలుసు. కొన్ని ఊళ్లలో ఒక వీధి వాళ్లది ఒక చర్చి, ఇంకో వీధి వాళ్లది ఇంకో చర్చి. పాట ఒకటే, ప్రసంగం ఒకటే, పెళ్లిళ్లు మాత్రం కలవవు. పూర్తిగా కులం వాసన లేని చర్చి కావాలంటే నీకు దొరకదు, నాకూ దొరకలేదు. చూడాల్సింది ఏందంటే, కమిటీలో ఎవరెవరు ఉండారు, ప్రేమవిందులో ఒకే బంతిలో కూర్చుంటారా లేదా, ఈ పదేళ్లలో ఆ సంఘంలో ఒక్క కులాంతర వివాహమైనా అయ్యగారు దగ్గరుండి చేయించినారా. మూడోదానికి "అయినాయి" అని ఇద్దరు ముగ్గురు పేర్లు చెప్పగలిగితే నేను అక్కడ కూర్చుంటాను.

ప్రసంగం వినేటప్పుడు నీ బైబిలు తెరిచి పెట్టుకో. చదివిన వాక్యానికి, చెప్పే మాటకు సంబంధం ఉందా చూడు. నేను ఒక సన్న లెక్క వేస్తాను. వేళ్లమీద, అరగంటలో పాస్టరు గారు "నేను" ఎన్నిసార్లు అన్నాడో. పది దాటితే నిద్రొస్తుంది నాకు. ఇంకొకటి, ఆయన చెప్పే మాట ఆయన సంఘంలోని డబ్బున్న మనిషికి ఎప్పుడైనా ఇబ్బంది కలిగిస్తుందా? సంవత్సరమంతా తాగుబోతులనూ, సినిమా చూసే పిల్లలనూ, చీర కట్టని ఆడపిల్లలనూ తిడుతూ, వడ్డీకి తిప్పేవాడి గురించి ఒక్క మాటా అనకపోతే, ఆ ముందు వరసలో ఎవరు కూర్చున్నారో చూడు.

మందుల సంగతి మాత్రం నేను బేరం ఆడను. నువ్వు నర్సువు, నీకు చెప్పనక్కర్లేదు, అయినా చెప్తాను. మా రెండో తమ్ముడికి, మీ చిన్నాయనకు, షుగరు. ఒక కూటంలో ప్రార్థన చేసి "స్వస్థత వచ్చేసింది, మాత్రలు మింగితే అవిశ్వాసం" అన్నారు. ఆరు నెలలు మానేసినాడు. కాలికి చిన్న ముల్లు గుచ్చుకుంది. రెండు వేళ్లు తీసేసినారు వేలూరులో. ఆ ప్రసంగీకుడు ఎవరో, ఎక్కడివాడో నేను చెప్పను. ఆయన మళ్లీ మా ఊరికి రాలేదు, అంతే. స్వస్థత కోసం ప్రార్థన చేయడం తప్పంటే నేను ఒప్పుకోను, మా ఇంట్లో రోజూ చేస్తాము. కానీ ప్రార్థన చేసి "మాత్ర టయానికి వేసుకో తల్లీ" అనేవాడు వేరు, "మాత్ర పారేయి" అనేవాడు వేరు. రెండోవాడు కనిపిస్తే ప్రసంగం మధ్యలోనైనా లేచి వచ్చేయి.

మన పక్కకు ఈ మతం వచ్చిందే ఆసుపత్రి చేతపట్టుకుని. ఆ స్కడర్ల వంశంలోనే పుట్టిన ఐడా స్కడర్, కాన్పు కష్టమైన ఆడవాళ్లను మగ డాక్టరుకు చూపించలేక ఒకే రాత్రి ముగ్గురు చనిపోయినారని, తిరిగి అమెరికా పోయి డాక్టరు చదువుకుని వచ్చి, 1900లో వేలూరులో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టింది. అదే ఈ రోజు సి.ఎం.సి., క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి పెట్టి వందేళ్లు దాటింది. క్షయ అంటే ఇంట్లోనే దూరం పెట్టే రోజుల్లో. వేలూరు బస్సులో నా టికెట్లలో సగం సి.ఎం.సి. కార్డు పట్టుకుని పోయేవాళ్లవే. అట్లాంటి చోట పుట్టి, మాత్ర పారేయమనే వాడి వెనక పోతామా?

డబ్బు. ఇది నా సబ్జెక్టు. డబ్బు తీసుకుని టికెట్టు కొట్టకపోతే కండక్టరుకు సస్పెన్షన్. రోజూ టికెట్ల లెక్క ఎస్.ఆర్. షీటులో రాసి, డిపోలో పైసాతో సహా కట్టి ఇంటికి పోవాల. దేవుడి డబ్బుకు అంతకంటే తక్కువ లెక్క ఎందుకుండాలో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. కాబట్టి అడుగు. కానుక సంచి తిరిగినాక ఎవరు లెక్కపెడతారు, ఒకరా ఇద్దరా? ఎంత వచ్చిందో పుస్తకంలో రాసి ఇద్దరు సంతకం పెడతారా? సంవత్సరానికి ఒకసారి సంఘ సభ్యుల ముందర జమాఖర్చు చదువుతారా? దశమ భాగం (జీతంలో పదోవంతు) ఇస్తే రసీదు ఉందా, లేక పాస్టరు గారి సొంత ఫోన్‌పే నంబరుకేనా? బిల్డింగు స్థలం ఎవరి పేరు మీద ఉంది, సంఘం పేరు మీదా, పాస్టరు గారి భార్య పేరు మీదా? మొదటి నెల్లోనే కొత్తపిల్ల ఇవన్నీ అడిగితే బాగుండదు. అడగొద్దు. పక్కన కూర్చున్న ఆమెను మెల్లగా ఒక్కటి అడుగు: "లెక్కలు చదువుతారా అక్కా?" ఆమె ముఖం చూస్తే చాలు, మిగతా ప్రశ్నలు అక్కర్లేదు.

ఎవరెంత ఇచ్చినారో మైకులో పేర్లు చదివే చోట పేదవాళ్లు నెమ్మదిగా రావడం మానేస్తారు. "విత్తనం వేయండి, నూరంతలు వస్తుంది" అని మొదటి జీతం మొత్తం అడిగేవాళ్లు ఉంటారు. నర్సు పిల్లలను చూస్తే మరీ. నీ మొదటి జీతం మీ అమ్మ చేతికి ఇచ్చి, ఆమె చేతులతో కానుక వేయించు.

అయితే పాత చర్చీలన్నీ పవిత్రంగా ఉండాయని అనుకోవద్దు. మా వాటిల్లో డబ్బుకు లెక్క ఉంటుంది, లెక్క మీద తగాదా కూడా ఉంటుంది. కమిటీ ఎన్నికలంటే పంచాయతీ ఎన్నికలే. రెండు పార్టీలు, చందా కట్టినవాళ్లకే ఓటు, మిషను కాలం నాటి స్థలాల మీద కోర్టు కేసులు. ఒక చోట నేను బల్ల రోజున పోతే రెండు వర్గాలు రెండు పక్కల కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, రొట్టె మాత్రం ఒకే పళ్లెంలోది తిన్నారు. కమిటీలోకి రమ్మంటే పోవద్దని పాపకు చెప్పినాను. సండే స్కూలు చెప్పమంటే పో, పిల్లలతో కూర్చుంటే చర్చి మంచి వైపు కనపడుతుంది.

ఆడపిల్లవి కాబట్టి ఇంకో మాట. ప్రార్థన కోసం ఒంటరిగా ఆఫీసు గదిలోకి రమ్మంటే, రాత్రి పూట ఫోన్ చేసి "ప్రవచనం వచ్చింది" అంటే, నీ పెళ్లి ఎవరితో అని దేవుడు తనకు చెప్పినాడని అంటే, మీ నాయనకు కాదు, నాకు ఫోన్ చెయ్యి. మీ నాయనకు కోపం ఎక్కువ. మంచి సంఘంలో పాస్టరమ్మ పక్కన ఉంటుంది, లేకపోతే తలుపు తెరిచి ఉంటుంది, స్త్రీల సమాజం ఆమెలు ఇద్దరు అక్కడే తిరుగుతా ఉంటారు. వాళ్ల గూఢచారితనం మనకు రక్షణ.

ఇప్పుడు చాలామంది ఆలోచించని విషయాలు. వయసులో ఉన్నోళ్లకు ఇవి గుర్తురావు, నాకు ఇవే ముందు గుర్తొస్తాయి.

పెళ్లి. క్రైస్తవ వివాహం చేయించేదానికి అందరు పాస్టర్లకూ అధికారం లేదు. 1872 చట్టం ఒకటి ఉంది, దాని ప్రకారం ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు గానీ, బిషప్పు అభిషేకం గానీ ఉండాల. పెద్ద సంఘాల్లో ఇబ్బంది లేదు. మేడ మీద హాలులో అయితే మ్యారేజి లైసెన్సు ఉందా అని అడగాల. ఉన్నవాళ్లు సంతోషంగా చూపిస్తారు. మా డిపో డ్రైవరు కూతురు పెళ్లి చేసుకుని విదేశం పోవాలని పత్రం తీసుకుపోతే, చేయించిన పాస్టరుకు లైసెన్సే లేదని తేలింది. మళ్లీ రిజిస్టర్ ఆఫీసు చుట్టూ తిరిగినారు. ఆ చట్టంలోనే ఇంకో ముచ్చట, మామూలుగా పొద్దున ఆరుకు, సాయంత్రం ఏడుకు మధ్యనే పెళ్లి కావాల. మన వాళ్ల ఊరేగింపులు ఏడు దాటినా చర్చి గేటు దాటవు, అయ్యగారు గడియారం చూసుకుంటా నిలబడి ఉంటాడు.

చావు. నవ్వొద్దు. పాత సంఘాలకు సమాధుల తోట ఉంటుంది. కొత్త సంఘాలకు చాలావాటికి ఉండదు. మనిషి పోయినాక రాత్రికి రాత్రి పాత సంఘం పెద్దల ఇంటికి పోయి "ఒక గుంత ఇప్పించండి" అని బతిమాలుకోవడం నేను రెండుసార్లు కళ్లారా చూసినాను. అప్పుడు పదేళ్ల చందా బాకీ లెక్కలు బయటికొస్తాయి. మీ సంఘం వాళ్లు పోతే ఎక్కడ పెడతారు అని అడుగు, ఒక్క వాక్యంలో జవాబు వస్తే సరే.

సర్టిఫికెట్టు. ఇది మన ఇండ్లల్లో గుసగుసగా మాట్లాడుకునే విషయం, నేను గట్టిగానే చెప్తాను. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే అన్నారు, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపినారు, క్రైస్తవులను కలపలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైన వాళ్లు బీసీ-సి కిందికి వస్తారు. కాబట్టి బాప్తిస్మం తీసుకుని సంఘం పుస్తకంలో పేరు రాయించుకోవడం అంటే కాగితాల మీద కూడా ఒక నిర్ణయమే. "ఏం కాదులే, పాత సర్టిఫికెట్టు అట్లనే వాడుకో" అని నవ్వి చెప్పే పాస్టరు నీకు మేలు చేయడం లేదు. విషయం ఉన్నదున్నట్టు ముందే చెప్పి, ఇంటికి పోయి ఆలోచించుకుని రమ్మనే పాస్టరును నేను ఒకరిని చూసినాను. ఆ ఒక్క మాటకే ఆయన మీద గౌరవం.

తిరుపతిలో ఉండేవాళ్లకు ప్రత్యేకంగా ఒక పరీక్ష ఉంది. ఊరు వెంకటేశ్వరస్వామిది. నీ హాస్టలు వార్డెను, కూరగాయల ఆమె, నీ పేషెంట్లలో నూటికి తొంభైమంది గోవిందనామం చెప్పుకునేవాళ్లే. మేలో గంగమ్మ జాతర వస్తే వీధి వీధంతా వేషాలే. నేను కొండ డ్యూటీ చేసినప్పుడు గుండు చేయించుకుని దిగే ముసలోళ్లకు చెయ్యిచ్చి దింపినాను, వాళ్లు నా నెత్తిన చెయ్యి పెట్టి దీవించినారు. ఆ దీవెన నాకు తగల్లేదని నేను అనుకోను. అందుకని చర్చిలో ఇరుగుపొరుగు గురించి ఏం మాట్లాడతారో చెవిపెట్టి విను. వాళ్ల దేవుణ్ణి వెక్కిరించి చప్పట్లు కొట్టించుకునే ప్రసంగం చెవిన పడితే మళ్లీ అక్కడికి పోవద్దు. కరపత్రాలు చేతికిచ్చి కొండ మీద పంచి రమ్మంటే అసలు ఒప్పుకోవద్దు. తిరుమల మీద వేరే మత ప్రచారం చేయకూడదని 2007లో చట్టమే వచ్చింది. పంపించినాయన ఇంట్లో ఉంటాడు, స్టేషనులో కూర్చునేది నువ్వు. ఇంకా సన్న విషయం: కిటికీ అవతల పక్కింట్లో పసిబిడ్డ నిద్రపోతా ఉంటే సౌండు బాక్సు తగ్గించే బుద్ధి ఉన్న చర్చిలో ప్రేమ గురించి ప్రసంగం తక్కువైనా ఫరవాలేదు.

భాష కూడా అడుగు. చిత్తూరు పక్క కొన్ని చర్చీల్లో అరవంలో ఒక ఆరాధన, తెలుగులో ఒక ఆరాధన ఉంటాయి. టయం తెలియక పోతే అరవ ప్రసంగం మొత్తం విని రావాల్సి వస్తుంది. నాకు రెండూ వచ్చు కాబట్టి బతికిపోయినాను.

దూరం, డ్యూటీ. నైట్ డ్యూటీ దిగి ఎనిమిదికి బయటపడేదానివి, మూడు గంటల ఆరాధనకు చాప మీద కూర్చుంటే అది తపస్సు. రెండు ఆటోలు మారి పోయే గొప్ప చర్చి కంటే నడిచిపోయే మామూలు చర్చి మేలు. బ్రహ్మోత్సవాలప్పుడు దారులు మూసేస్తారు, అప్పుడు తెలుస్తుంది దాని విలువ. దగ్గరుంటే శుక్రవారం ఉపవాస ప్రార్థనకో, ఎవరింట్లోనో గృహకూడికకో పోగలవు. నిజానికి నేను చర్చిని తూకం వేసేది అక్కడే. ఒక మామూలు బుధవారం, ఎవరో ఒకామె ఇంట్లో, పదిమంది, ఒక ప్లేటులో బిస్కెట్లు. ఆమె కొడుకు ఉద్యోగం పోయిందని చెప్పినప్పుడు ఆ పదిమంది ఏం చేసినారు? ప్రార్థన చేసి లేచిపోయినారా, పోతా పోతా ఒకరు వెనక్కి వచ్చి బియ్యం సంగతి అడిగినారా?

ఇంతా చెప్తే పాప ఏం చేసిందంటే, నాలుగు కాదు, మూడే చూసింది. మొదటిది మా సి.ఎస్.ఐ., నేను పేరుపెట్టి చెప్పకపోయినా అదే అనుకున్నాను లోపల. రెండోది వాళ్ల రూమ్మేటు తీసుకుపోయిన పెద్ద హాలు, రంగు లైట్లు, అయినాక కాఫీ. మూడోది హాస్టలు వెనక సందులో లూథరన్ సంఘం వాళ్ల చిన్న ప్రార్థన మందిరం, ఫ్యాను ఒకటి తిరుగుతుంది, ఒకటి తిరగదు. రెండో ఆదివారం నైట్ డ్యూటీ దిగి పోయి, ప్రసంగంలో నిద్రపోయిందంట. లేచి చూస్తే తల కింద ఎవరిదో శాలువా మడిచి పెట్టి ఉంది. అయిపోయినాక కూడా లేపకుండా, ఇద్దరు ఆడవాళ్లు పక్కనే కూర్చుని మెల్లగా వెల్లుల్లి ఒలుచుకుంటా ఉండారంట. ఆ రోజు మధ్యాహ్నం వాళ్లింట్లోనే పప్పు, ఊరుమిండి పచ్చడి తిని వచ్చింది.

"లూథరన్‌లో చేరతానంటోంది మీ పాప" అని మా ఇంటామెతో అంటే ఆమె ఏమీ అనలేదు. సంబరం మాత్రం ముఖంలో కనపడింది. ముప్పై ఏళ్లుగా నా చర్చికి వస్తా ఉంది కదా పాపం.

ఒక సంఘం నుంచి ఇంకో సంఘానికి పోయేటప్పుడు పాత అయ్యగారి దగ్గర బదిలీ లెటరు తీసుకోవాల. బాప్తిస్మం తేదీ, కన్ఫర్మేషన్ తేదీ, చందా బాకీ లేదని, కింద సంతకం, సీలు. చాలామంది ఇది మర్చిపోయి, పదేళ్ల తర్వాత పెళ్లికి బాప్తిస్మం సర్టిఫికెట్టు కోసం ఊరికి పరిగెత్తుతారు. పాప కూడా మర్చిపోయింది. మా అయ్యగారి దగ్గర నేనే రాయించినాను. చందా మూడు నెలలు బాకీ ఉంటే కట్టేసి రసీదు కూడా కవర్లో పెట్టినాను. పోస్టులో వేస్తే ఎప్పుడు పోతుందో అని, శుక్రవారం పొద్దున ఆరున్నర తిరుపతి బస్సు డ్రైవరు మనోడే కాబట్టి ఆయన చేతికిచ్చినాను. పాప డ్యూటీకి పోతా పోతా బస్టాండులో తీసుకునింది.